పరుగు కాదు, పదిలం: పశువుల కడుపులో వీర్యకణాల ప్రయాణ విశేషాలు

తెల్లవారుజామున ఆరింటికి పాకలో ఆవు అరుపు అందుకుంటుంది. మేత ముట్టదు. నిలకడగా నిలబడదు. పక్కనున్న పశువు మీదికి ఎక్కబోతుంది. రైతు, ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకు ఫోన్ చేస్తాడు. "ఆవు ఎదకొచ్చింది, ఇప్పుడే వచ్చి సూది వేస్తావా?" అవతలి నుంచి జవాబు వస్తుంది: "ఇప్పుడొద్దు బాబాయ్, సాయంత్రం వేద్దాం."

ఆ పన్నెండు గంటలు ఎందుకు ఆగాలి? కోట్ల వీర్యకణాలు పరుగుపందెం వేసుకుంటాయనీ, ముందొచ్చినది గెలుస్తుందనీ చిన్నప్పటి నుంచి వింటున్నాం. పందెమే అయితే ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది కదా! పశువుల కడుపులో నడిచే కథ మాత్రం వేరు. వీర్యకణాలను మోసుకెళ్లేదీ, వడపోసేదీ, దాచేదీ, వేళ చూసి పంపేదీ ఆడపశువు శరీరమే. ఆ కథను విశేషం వెంట విశేషంగా విప్పి చూద్దాం.

మే ఎండ, జులై దెబ్బ

ఆబోతు వృషణాల్లో ఒక్క వీర్యకణం తయారుకావడానికి సుమారు 61 రోజులు పడుతుంది. పొట్టేలులో 47, పందిపోతులో 39 రోజులు చాలు. తయారైనంత మాత్రాన అది పనికొచ్చినట్టు కాదు. వృషణాన్ని అంటిపెట్టుకుని ఎపిడిడైమిస్ అనే సన్నటి గొట్టం ఉంటుంది. చుట్టలు చుట్టుకుని అరచేతిలో ఇమిడేలా కనిపించే ఆ గొట్టాన్ని సాగదీసి పరిస్తే ఆబోతులో 30 మీటర్లు దాటుతుంది. దాన్ని దాటడానికి వీర్యకణానికి ఇంకో 8 నుంచి 11 రోజులు కావాలి. ఈదే సత్తువ ఆ దారిలోనే అబ్బుతుంది.

వృషణాలు ఒంటి వేడి కన్నా 2 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉంటేనే ఈ పని సవ్యంగా సాగుతుంది. మే నెల వడగాడ్పుకు దెబ్బతిన్న వీర్యకణాలు జూన్, జులైల్లో బయటికొస్తాయి. వానలు పడి, అంతా చల్లబడ్డాక కూడా ఆబోతు దాటిన ఆవులు చూడి నిలవడం లేదంటే కారణం రెండు నెలల కిందటి ఎండలో ఉండవచ్చు. ఆబోతుకు వేసవి నీడ, చల్లటి నీళ్లు సోకు కోసం కాదు, రాబోయే దూడల కోసం.

తొలి గోదాము మగపశువులోనే

ఎపిడిడైమిస్ చివరి భాగం ఒక గాదె లాంటిది. పక్వానికి వచ్చిన వీర్యకణాలు అక్కడ కిక్కిరిసి, కదలకుండా రోజుల తరబడి ఉంటాయి. ఈదడం వచ్చినా ఈదవు. ఉన్న శక్తిని ఖర్చు పెట్టుకోకుండా నిద్రపోతున్నట్టు పడుంటాయి. స్ఖలన సమయంలో ఇతర గ్రంథుల ద్రవాలు వచ్చి కలిసినప్పుడే మేలుకుంటాయి. దాచుకోవడం, కదలికను అదుపులో పెట్టుకోవడం అనే సూత్రం ఇక్కడే మొదలవుతుంది. ఆడపశువు కడుపులో మళ్లీ అదే సూత్రం కనిపిస్తుంది.

చెంచాడు ఒకరిది, చెంబుడు ఒకరిది

ఆబోతు ఒక్కసారి ఇచ్చే వీర్యం సుమారు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక చెంచాడు. మిల్లీలీటరుకు దాదాపు 100 కోట్ల వీర్యకణాలు. పొట్టేలు ఇచ్చేది 1 మిల్లీలీటరే అయినా అందులో 200 నుంచి 300 కోట్లు ఉంటాయి. పందిపోతు ఇచ్చేది 200 నుంచి 300 మిల్లీలీటర్లు, ఒక చిన్న చెంబుడు!

ఇంత తేడాకు కారణం వీర్యం పడే చోటు. ఆబోతు, పొట్టేలు వీర్యం యోనిలో, గర్భసంచి మూతి దగ్గర పడుతుంది. అక్కడి నుంచి ఇరుకు దారిలో పోవాలి కాబట్టి చిక్కగా, కొద్దిగా ఉంటే మేలు. పందిపోతు వీర్యం గర్భసంచి మూతిలోకే పడి, నేరుగా లోపలికి ప్రవహిస్తుంది. ఆడపంది గర్భసంచి కొమ్ములు ఒక్కొక్కటి మీటరు వరకూ ఉంటాయి. వాటిని నింపాలంటే చెంచాడు ఏ మూలకి?

మరమేకు బిగింపు

పందిపోతు అంగం కొన మరమేకులా మెలితిరిగి ఉంటుంది. ఆడపంది గర్భసంచి మూతి లోపలి గోడలు కూడా ఒకదానిలో ఒకటి దూరే బొడిపెలతో ఉంటాయి. మర బిగిసినట్టు రెండూ బిగుసుకున్నాకే వీర్యం విడుదలవుతుంది. ఐదు పది నిమిషాలు సాగే ఆ పనిలో చివర జిగురు ముద్ద లాంటి పదార్థం వచ్చి, లోపలిది వెనక్కి కారకుండా కొంతవరకు అడ్డుకుంటుంది. పందుల్లో కృత్రిమ గర్భధారణకు వాడే కొన్ని గొట్టాల కొసను ఈ మరమేకు ఆకారాన్ని చూసే తయారుచేశారు.

తీగలే దారి

ఎదకొచ్చిన ఆవు వెనక గాజులా మెరిసే జిగురు తీగలు వేలాడతాయి. ఎద లక్షణాల్లో రైతులు ముందు చూసేది వాటినే. ఆ జిగురు వచ్చేది గర్భసంచి మూతి నుంచి. మూతి లోపల నున్నటి గొట్టం ఉండదు. గోడల పొడుగునా సన్నటి గాళ్లు, ఆ గాళ్లలో ఇంకా సన్నటి గాళ్లు ఉంటాయి. నడిమధ్య ఉండే జిగురు చిక్కన, గాళ్లలో ఉండేది పల్చన. మంచి కణాలు ఆ పల్చటి దారుల్లో గోడ పట్టుకుని ఎదురీదుతాయని 1989లో మలిన్స్, సాకే అనే శాస్త్రజ్ఞులు వివరించారు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ గాళ్లను పోలిన సన్నటి కాలువలను ప్రయోగశాలలో తయారుచేసి, 2015లో మరో సంగతి బయటపెట్టారు. ద్రవం బయటికి పారుతున్నప్పుడు ఆబోతు వీర్యకణాలు ఆ గాళ్ల వెంట ఎదురెక్కాయి. ఆవుల్లో గర్భస్రావాలు తెచ్చే ట్రైట్రైకోమోనాస్ క్రిమి ఎదురెక్కలేక కొట్టుకుపోయింది. రావలసిన వాళ్లకు దారి, రాకూడని వాళ్లకు వరద. ఒకే కాలువతో రెండు పనులు!

గొర్రె దగ్గర గొట్టం ఓడిపోయింది

ఆవులో గోపాలమిత్ర చేతి మెళకువతో సన్నటి గొట్టాన్ని గర్భసంచి మూతి దాటించగలడు. గొర్రెలో ఆ పని చాలా కష్టం. గొర్రె గర్భసంచి మూతి లోపల వరసగా కండర వలయాలు ఉంటాయి. వాటి రంధ్రాలు ఒకే గీతలో ఉండవు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు జరిగి ఉంటాయి. వీర్యకణాలు దూరే ఆ వంకరదారిలో గొట్టం దూరదు. అందుకే గడ్డకట్టించిన పొట్టేలు వీర్యం వాడేటప్పుడు చాలా దేశాల్లో గొర్రె పొట్టకు చిన్న రంధ్రం చేసి, లాపరోస్కోపు సాయంతో చూస్తూ, సూదితో నేరుగా గర్భసంచి కొమ్ముల్లోనే వీర్యం వేస్తారు.

రెండున్నర నిమిషాల వింత

1951లో వాన్‌డిమార్క్, మోలర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఆబోతు దాటిన రెండున్నర నిమిషాలకే ఆవు అండవాహిక పైకొసలో వీర్యకణాలను చూశారు. లెక్క వేసి చూడండి. ఆబోతు వీర్యకణం సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు ఈదుతుంది. నిమిషానికి 6 మిల్లీమీటర్లు. గర్భసంచి కొమ్ము, అండవాహిక కలిపితే దారి అర మీటరు పైమాటే. అడ్డు లేకుండా తిన్నగా ఈదినా గంటన్నర పట్టే దారి అది.

వాటిని అక్కడికి చేర్చింది గర్భసంచి కండరాలే. ఎదలో ఉన్న పశువు గర్భసంచి అలలు అలలుగా ముడుచుకుంటుంది. ఈదలేని కణాలను సైతం ఆ అల మోసుకుపోతుంది. అలా ముందే చేరినవి గెలిచినట్టా? కాదు. కుందేళ్లలో జరిపిన పరిశోధనల్లో, అలల మీద కొట్టుకొచ్చిన ఆ తొలి బృందంలో చాలా కణాలు దెబ్బతిని, చచ్చిపోయి కనిపించాయి. అండాన్ని కలిసేవి ఆ వెనక గంటల తరబడి నెమ్మదిగా, విడతలు విడతలుగా చేరేవే.

పాలు చేపే హార్మోనే

దూడ పొదుగు పొడవగానే ఆవు పాలు చేపుతుంది. ఆ చేపు తెచ్చేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. గర్భసంచి కండరాల ముడుపులకు ఊపునిచ్చేదీ అదే. పశువు బెదిరితే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి ఆక్సిటోసిన్ పనికి అడ్డు తగులుతుంది. కొట్టిన మనిషి పాలు పితకబోతే ఆవు ఎగచేపేది అందుకే. సూది వేసే వేళ పశువును తరమడం, కొట్టడం, ఎండలో మైళ్లు నడిపించడం ఎందుకు తప్పో దీన్ని బట్టే తెలుస్తుంది. నీడలో, నెమ్మదిగా, తెలిసిన మనిషి పక్కన నిలబడి చేయించే పని అది.

కోట్లు పోయి వేలు

గర్భసంచి లోపలికి వచ్చిన వీర్యకణాల్లో పెద్ద భాగం జిగురుతో పాటు వెనక్కి కారిపోతుంది. ఇంకొంత భాగాన్ని తెల్ల రక్తకణాలు మింగేస్తాయి. వీర్యంతో పాటు వచ్చిన సూక్ష్మక్రిములను, చచ్చిన కణాలను ఊడ్చి, రాబోయే పిండానికి ఇల్లు శుభ్రం చేసే పని వాటిది. గర్భసంచికీ అండవాహికకూ మధ్య సన్నటి సందు మరో జల్లెడ. వందల కోట్లతో మొదలైన ప్రయాణంలో అండవాహికలోకి చేరేవి కొన్ని వేలు.

తీపి బంక

ఈ కథకు గుండెకాయ అండవాహిక కింది భాగం. సన్నటి ఆ మెడలోకి చేరిన ఆబోతు వీర్యకణాలు ముందుకు పోవు. తలలు గోడకు ఆనించి అంటుకుపోతాయి. తోకలు మాత్రం మెల్లగా ఆడుతుంటాయి. ఆ అంటుకోవడానికి బంక, గోడ కణాల మీదున్న ఫ్యూకోజ్ అనే చక్కెర. వీర్యద్రవం నుంచి తలకు పూసుకుని వచ్చిన కొన్ని ప్రొటీన్లు ఆ చక్కెరను పట్టుకుంటాయి. కార్నెల్‌లో సూసన్ స్వారెజ్ బృందం ఏళ్ల తరబడి పనిచేసి దీన్ని విడమరచింది. పందుల్లో చక్కెరల అమరిక వేరు. తాళం ఒకటే తీరు, తాళంచెవి మాత్రం జాతికొకటి.

అంటుకుంటే లాభం ఏమిటి? ఆయుష్షు. ప్రయోగశాలలో అండవాహిక కణాలకు అంటుకున్న ఆబోతు వీర్యకణాలు విడిగా ఈదే వాటి కన్నా ఎక్కువసేపు బతికాయి. ఆవు తన కడుపులో కట్టిన గోదాము ఇది. సరుకు పాడవకుండా నిలవ ఉంచుతుంది. అండం విడుదలయ్యే వేళ దాకా కాపాడుతుంది.

పొద్దున్న చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే పొద్దున్న

ఇప్పుడు ఆ పన్నెండు గంటల లెక్క వేద్దాం. ఆవు ఎద మొదలైన సుమారు 28 గంటలకు, అంటే ఎద ముగిసిన 10 నుంచి 14 గంటలకు అండం విడుదలవుతుంది. విడుదలైన అండం మంచి స్థితిలో ఉండేది 6 నుంచి 10 గంటలు. వీర్యకణాలు గోదాము చేరి, సరిపడా నిండటానికి 6 నుంచి 8 గంటలు పడుతుంది. చేరినవి మొత్తం మీద ఒక రోజు, ఒక రోజు పైచిలుకు నిలుస్తాయి.

ఎద మొదట్లోనే వేస్తే అండం వచ్చేసరికి గోదాములో సరుకు పాతబడుతుంది. మరీ ఆలస్యం చేస్తే సరుకు సిద్ధమయ్యేసరికి అండం పాతబడుతుంది. మధ్యేమార్గమే గోపాలమిత్ర చెప్పిన మాట. అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ 1940ల్లో ఆవుల ఎద వేళలను ఓపికగా గమనించి ఈ సూత్రాన్ని చెప్పాడు. ఆయన చూసింది బయటి లక్షణాలను. లోపలున్న గోదాము సంగతి తర్వాతి తరాలు విప్పాయి. రెండు లెక్కలూ అతికినట్టు సరిపోయాయి.

గేదె గుట్టు

గేదె ఎద గుట్టుగా ఉంటుంది. పక్క పశువు మీదికి ఎక్కడం తక్కువ. తీగలు ఆవులో లాగా వేలాడవు. పడుకున్నప్పుడు జిగురు కారి నేల మీద కనిపిస్తుంది. లక్షణాలు రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువ. వేసవిలో ఇంకా మరుగున పడతాయి. దీన్నే మూగ ఎద అంటారు. గోదాము లెక్క గేదెకూ వర్తిస్తుంది గానీ, ఎద ఎప్పుడు మొదలైందో తెలియకపోతే లెక్క ఎక్కడి నుంచి మొదలుపెడతాం? అందుకే గేదెలున్న ఇంట్లో రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి పాకలోకి తొంగిచూడటం మంచి వైద్యుడితో సమానం.

విడుదలకు ముందు ముస్తాబు

అప్పుడే బయటికొచ్చిన వీర్యకణం అండాన్ని చీల్చుకుని పోలేదు. ఆడజీవి శరీరంలో కొన్ని గంటలు గడిపితేనే ఆ అర్హత వస్తుంది. 1951లో అమెరికాలో ఎం.సి. చాంగ్, ఆస్ట్రేలియాలో సి.ఆర్. ఆస్టిన్ ఎవరి దారిన వారు ఈ సంగతి కనుక్కున్నారు. ఆ మార్పులో కణం తలకు పూసుకున్న ప్రొటీన్లు ఊడతాయి. గోడ పట్టు సడలుతుంది. అంతవరకు మెత్తగా ఆడిన తోక కొరడాలా విసురుగా కొట్టుకుంటుంది. ఆ విసురుతో కణం గోడ నుంచి విడివడి పైకి సాగుతుంది.

గేటు తెరిచి అన్నింటినీ ఒక్కసారి వదలడం ఉండదు. గోదాము కొద్దికొద్దిగా, చుక్కలు చుక్కలుగా వదులుతుంది. పాడిపశువుల అండంలోకి ఒక్క కణం కన్నా ఎక్కువ దూరితే పిండం నిలవదు. పందుల్లో గోదామును దాటించి, ఎక్కువ కణాలను పైభాగంలోనే వదిలినప్పుడు అండంలోకి ఒకటికి మించి చొరబడటం పెరిగింది. దాచడం ఎంత ముఖ్యమో, పొదుపుగా వదలడం అంతే ముఖ్యం.

పుంజు పోయినా పిల్లలు

ఇంట్లో పుంజును కోసేశాక కూడా పెట్ట పెట్టిన గుడ్లు పొదిగితే పిల్లలు కావడం మన పెద్దవాళ్లకు తెలిసిన విషయమే. గుడ్డు పెంకు తయారయ్యే సంచికీ, యోనికీ మధ్య సందులో కోడిపెట్టకు కంటికి కనిపించనంత చిన్న గొట్టాలు వేల సంఖ్యలో ఉంటాయి. అవే నిలవ గొట్టాలు. పుంజు వీర్యంలోంచి నూటికి ఒక వంతో అంతకన్నా తక్కువో మాత్రమే వాటిలోకి చేరతాయి. చేరినవి రెండు మూడు వారాలు బతుకుతాయి. రోజుకొకటి చొప్పున అండం దిగుతుంటే, గొట్టాల్లోంచి కొన్ని చొప్పున జారుతూ పైకి పోతాయి. అండం మీద తెల్లసొన కప్పేలోగా, పావుగంటలో అవి దాని దగ్గరుండాలి.

మరో వింత ఏమిటంటే కోడి ఒంటి వేడి 41 డిగ్రీలు. ఆబోతు వృషణాలకు చల్లదనం కావాలి. కోడిపుంజు వృషణాలు కడుపు లోపలే ఉండి ఆ వేడిలోనే వీర్యకణాలను తయారుచేస్తాయి. పెట్ట అదే వేడిలో వాటిని వారాల తరబడి నిలవ ఉంచుతుంది.

అసీల్ లాంటి మేలిజాతి కోళ్లను పెంచేవారికి ఇందులో ఒక పాఠం ఉంది. పుంజును మార్చిన మర్నాటి నుంచే కొత్త పుంజు పిల్లలని అనుకోకూడదు. పాత పుంజును తీసేశాక కనీసం మూడు వారాల గుడ్లను పక్కనపెడితేనే పిల్లల తండ్రి ఎవరో నమ్మకంగా చెప్పగలం.

పెట్ట మాటే చెల్లుతుంది

2000లో పిట్జారి, బర్క్‌హెడ్ అనే పరిశోధకులు స్వేచ్ఛగా తిరిగే కోళ్లలో ఒక సంగతి గమనించారు. మందలో తక్కువ స్థాయి పుంజు బలవంతంగా దాటితే, పెట్ట ఆ వీర్యాన్ని వెంటనే బయటికి నెట్టేస్తుంది. పెద్ద పుంజు వీర్యాన్ని ఉంచుకుంటుంది. దాటడం పుంజు చేతిలో ఉన్నా, దాచడం పెట్ట చేతిలోనే ఉంది.

గుడ్డులో లెక్క

పశువుల అండంలోకి ఒక్క వీర్యకణం చాలు, రెండోది ముప్పు. కోడిగుడ్డు సొన పెద్దది. అందులోకి చాలా కణాలు దూరతాయి. కలిసేది మాత్రం ఒక్కటే, మిగతావి కరిగిపోతాయి. దూరిన ప్రతి కణం సొన పొర మీద ఒక సన్నటి రంధ్రం వదులుతుంది. మైక్రోస్కోపు కింద ఆ రంధ్రాలను లెక్కపెట్టి, మందలో పుంజులు, పెట్టలు ఎంత సత్తువగా ఉన్నాయో కోళ్ల శాస్త్రజ్ఞులు అంచనా వేస్తారు.

టర్కీ కోడి పది వారాలు

నిలవలో టర్కీ కోడి ఇంకా గట్టిది. ఒక్కసారి కలిస్తే పది వారాల దాకా విత్తు గుడ్లు పెట్టగలదు. మాంసం కోసం పెంచే భారీ టర్కీ జాతుల్లో పుంజుల రొమ్ము ఎంత పెరిగిందంటే అవి సహజంగా దాటలేవు. వాటి సంతతి అంతా కృత్రిమ గర్భధారణ మీదే నడుస్తోంది. ఆడటర్కీ కడుపులో అంత మంచి గోదాము లేకపోతే ఆ పరిశ్రమకు రోజూ ఇదే పని అయ్యేది.

ఆవగింజంత సంచి, ఏళ్ల నిలవ

తేనెటీగల పెంపకందారుల పెట్టెలో ఉండే రాణి ఈగ అందరినీ మించింది. పుట్టిన కొత్తలో ఒకటి రెండు సార్లు ఎగిరి, గాలిలో పది పన్నెండు మగ ఈగలను కలుస్తుంది. ఆ తర్వాత బతికినంత కాలం మళ్లీ కలవదు. పొట్టలో ఆవగింజంత సంచిలో 50 నుంచి 70 లక్షల వీర్యకణాలను దాచుకుని, రెండు మూడేళ్లు వాడుకుంటుంది. కణాన్ని కలిపి పెట్టిన గుడ్డు ఆడ ఈగ అవుతుంది, కలపకుండా పెట్టినది మగ ఈగ అవుతుంది. నిలవ అయిపోయిన రాణి మగ ఈగలనే కంటుంది. అప్పుడు పట్టు కొత్త రాణిని తయారుచేసుకుంటుంది.

గుర్రానికి తీరిక ఎక్కువ

ఆడగుర్రం ఎద ఐదు నుంచి ఏడు రోజులు సాగుతుంది. అండం చివర్లో వస్తుంది. దానికి తగ్గట్టే దాని కడుపులో వీర్యకణాలు ఐదు రోజులు, కొన్నిసార్లు అంతకు మించి కూడా నిలుస్తాయి. ఎద ఎంత పొడుగో, నిలవ అంత పొడుగు.

వీర్యమే అండాన్ని పిలుస్తుంది

ఒంటెకు ఆవులా వేళకు అండం విడుదల కాదు. మగఒంటె కలిస్తేనే విడుదలవుతుంది. లామా, అల్పకాలదీ అదే తీరు. చాలాకాలం కలయిక వల్ల కలిగే స్పర్శే కారణమనుకున్నారు. వీర్యద్రవంలోనే అండాన్ని విడుదల చేయించే పదార్థం ఉందని తర్వాత తేలింది. అది నరాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీనే అని కెనడా పరిశోధకులు 2012లో ప్రకటించారు. ఆ ప్రొటీను, అలాంటి పెరుగుదల కారకాల మీద చేసిన పనికే రీటా లెవి మొంటాల్చినీకి, స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ వచ్చింది. ఒంటెలో గోదాములో సరుకు ముందు చేరుతుంది. గిరాకీని ఆ సరుకే పుట్టిస్తుంది.

గుడ్డుసొన, తప్పు చీటీ, గడ్డిపుల్ల

మనిషి కూడా వీర్యాన్ని నిలవ చేయడం నేర్చాడు. అందులో ఒక్కో మెట్టుకూ ఒక కథ ఉంది. ఆబోతు వీర్యాన్ని చలి దెబ్బ నుంచి కోడిగుడ్డు పచ్చసొన కాపాడుతుందని 1939 ప్రాంతంలో ఫిలిప్స్ కనుక్కున్నాడు. నేటికీ అది వాడుకలో ఉంది. ఇంగ్లాండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ పుంజు వీర్యాన్ని గడ్డకట్టించబోయి మాటిమాటికీ ఓడిపోయారు. చీటీ తారుమారైన ఒక సీసాలోని ద్రవం వాడినప్పుడు కణాలు బతికాయి. పరీక్షిస్తే అందులో గ్లిసరాల్ ఉంది. 1949లో ప్రపంచానికి చెప్పిన ఆ పొరపాటే నేటి ఘనీకృత వీర్యానికి పునాది. డెన్మార్కులో సోరెన్‌సెన్ 1940లో వీర్యం నింపడానికి ఓట్స్ గడ్డిపుల్లలు వాడాడు. తర్వాత కూతురి పుట్టినరోజు పండక్కి పిల్లలు పానీయం పీల్చే గొట్టాలను చూసి, తనకు కావలసింది అదేనని గుర్తించాడట. నేటి స్ట్రాకు పూర్వీకులు అవే.

మన దేశంలో తొలి కృత్రిమ గర్భధారణ 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్ కుమారన్ చేతుల మీదుగా జరిగింది. అలా పుట్టిన తొలి గేదె దూడ 1943లో అలహాబాదు వ్యవసాయ సంస్థలో కళ్లు తెరిచింది. ఇప్పుడు విశాఖపట్నం, నంద్యాల, కరీంనగర్ కేంద్రాల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో స్ట్రాలు నిలవ ఉంటున్నాయి.

500 కోట్లకు బదులు 2 కోట్లు

ఆబోతు వదిలేది సుమారు 500 కోట్లు. పావు మిల్లీలీటరు పట్టే స్ట్రాలో నింపేది 2 కోట్లు. గర్భసంచి మూతిని దాటించి లోపల వదులుతారు కాబట్టి అంత తక్కువైనా సరిపోతుంది. తొలి జల్లెడను గొట్టం దాటించేస్తుంది. ఆ లెక్కన ఒక్క స్ఖలనంతో 250 స్ట్రాలు!

అయితే గడ్డకట్టి కరిగిన కణం పొర కాస్త ముదిరినట్టు అవుతుంది. తాజా వీర్యంలోని కణం నిలిచినంతసేపు అది ఆవు కడుపులో నిలవదు. గోదాములో ఉండగలిగే గడువు తగ్గినకొద్దీ వేళ చూసి వేయడం మరింత ముఖ్యమవుతుంది. స్ట్రాను 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచి కరిగించాలని చెప్పేదీ ఆ మిగిలిన ఆయుష్షును కాపాడటానికే. చొక్కా జేబులో పెట్టి కరిగించడం దాన్ని వృథా చేసుకోవడమే.

నూటికి నాలుగు పాళ్ల తేడా

ఆడదూడనిచ్చే ఆబోతు వీర్యకణంలో డిఎన్ఏ, మగదూడనిచ్చే కణంలో కన్నా సుమారు 3.8 శాతం ఎక్కువ. కణాలకు రంగు పట్టించి, ఒక్కొక్కదాన్నే లేజరు కాంతి ముందు నడిపి, మెరుపులోని ఆ కొద్ది తేడాతో విడదీస్తారు. నూటికి 90 దాకా ఆడదూడలే వచ్చే వీర్యం అలా తయారవుతుంది. ఒక స్ట్రాలో సుమారు 20 లక్షల కణాలే ఉంటాయి. విడదీతలో అలసిపోయిన కణాలు కాబట్టి ఆయుష్షూ తక్కువే. ఆడదూడ ఆశతో ఎక్కువ డబ్బు పెట్టే రైతు ఎద వేళను ఇంకా జాగ్రత్తగా గమనించాలి.

ఆ ఒక్క రాత్రి

మళ్లీ మన పాకలోకి వద్దాం. సాయంత్రం ఆరింటికి గోపాలమిత్ర వచ్చి సూది వేసి వెళ్లాడు. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు సద్దుమణిగింది. ఆవు కూర్చుని నెమరు వేస్తోంది. లోపల గర్భసంచి అలలు కణాలను మోస్తున్నాయి, జల్లెడలు వడపోస్తున్నాయి. అర్ధరాత్రి దాటి రెండింటికి అండవాహిక మెడలో కొన్ని వేల కణాలు గోడకు తలలు ఆనించి ఆగాయి. తెల్లవారి రైతు పాలు పితికి, పేడ తీసి, మేత వేశాడు. పది గంటల ప్రాంతంలో అండం దిగింది. గోదాములోంచి ఒకటి, మరొకటి, ఇంకొకటి పట్టు విడిచి పైకి సాగాయి.

ఆ ఆవు తొమ్మిది నెలలు మోసి దూడను ఈనుతుంది. ఆ మోత అందరి కంటికీ కనిపిస్తుంది. దానికి ముందు, ఎవరూ చూడని ఒక్క రాత్రి, వేల ప్రాణకణాలను చెక్కుచెదరకుండా మోసింది కూడా ఆమే. ఎద వేళను గమనించి, బెదిరించకుండా, ఆ రాత్రి ఆమెను నీడలో నెమ్మదిగా ఉండనివ్వడం మన వంతు.